ముసలి గుర్రాలకు ఉలవలు

మా పక్కింటి నేత పెద్దాయనకు కారు తోలడం రాదు. ఆ మాటకు వస్తే సైకిలు కూడా అంతంత మాత్రమే. అయినా మా పాత కారుకు ఏం జబ్బు చేసిందో అందరికంటే ముందు కనిపెట్టినవాడు ఆయనే.

సంగతి చిత్తగించండి. నిరుడు సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వచ్చి, పెరటి రేకుల షెడ్డులో పదేళ్ళుగా ముసుగు తన్ని నిద్రపోతున్న వాళ్ళ నాన్న కారును లేపాడు. అది 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డు, రెండు తలుపులది. కొత్త బ్యాటరీ, సీసాడు పెట్రోలు, అరగంట బుజ్జగింపు అయ్యాక బండి దగ్గుతూ, తుమ్ముతూ మేలుకుంది. వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టారు. మంగళగిరిలో మా వీధి నిండా మగ్గాలే. పెద్దాయన గుంట మగ్గంలోంచి లేచి వచ్చి, చెవి ఒగ్గి కాసేపు విని, తల అడ్డంగా తిప్పాడు.

"నాలుగు దెబ్బల్లో ఒకటి సరిగా పడటం లేదు మాస్టారూ. పోగు తెగిన మగ్గం ఇలాగే పలుకుతుంది."

మా మేనల్లుడు నవ్వేశాడు. నేను నవ్వలేదు. పాలిటెక్నిక్కులో ముప్ఫై ఏళ్ళు ఇంజన్ల పాఠం చెప్పినవాణ్ణి గనుక, చెవిని మించిన పరికరం తక్కువని నాకు తెలుసు.

వాడు బానెట్టు ఎత్తాడు. హెరాల్డుకు బానెట్టంటే మూత కాదు. రెక్కలతో సహా ముందుభాగమంతా మొసలి నోరు తెరిచినట్టు ముందుకు లేస్తుంది. ఇంజను చుట్టూ తీరిగ్గా కూర్చుని పని చేసుకోవచ్చు. వాడు టైరు మీద కూర్చుని జేబులోంచి ఒక జాబితా తీశాడు.

"మామయ్యా, దీన్ని స్పోర్ట్సు కారు చేసేద్దాం. రెండు కార్బురేటర్లు, కొత్త ఎగ్జాస్టు, కొత్త క్యామ్‌షాఫ్టు. ఇంకో ఇరవై గుర్రాలు చేర్చామంటే హైవే మీద ఎగిరిపోతుంది."

ఇంతలో వంటింటి గుమ్మంలోంచి మా అక్కయ్య అడిగింది, "ఆగుతుందా?" అని.

ఆ ఒక్క మాట వెనక నలభై ఆరేళ్ళ నాటి కథ ఉంది. అది తరువాత చెబుతాను.

ఇంటి బండిలో పందెపు రక్తం

మేనల్లుడి కోరిక మరీ గాలిలో పుట్టింది కాదు. హెరాల్డు ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ కంపెనీ పేరు మీద బయటికి వచ్చింది. దాని రూపురేఖలు దిద్దినవాడు ఇటలీ దేశస్థుడు జొవాన్ని మికెలొట్టి. మన దేశంలో మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వారు 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డు అన్న పేరుతో తయారుచేశారు. అదే చట్రాన్ని కాస్త కురచచేసి, అదే జాతి ఇంజనును కాస్త లావుచేసి, 1962లో ఇంగ్లండులో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారును కట్టారు. అంటే మా బండికీ స్పిట్‌ఫైరుకూ అన్నదమ్ముల వరస. ఒకడు గుమాస్తా ఉద్యోగంలో చేరాడు, రెండోవాడు కుస్తీ గోదాలో దిగాడు. అంతే తేడా.

లెక్కలు చూడండి. మా ఇంజను 948 సి.సి. ఒక్క కార్బురేటరుతో ఇంచుమించు 35 అశ్వశక్తి. స్పిట్‌ఫైరుది 1147 సి.సి., శక్తి 63. పిస్టను నడిచే దూరం రెండింటిలోనూ 76 మిల్లీమీటర్లే. సిలిండరు వెడల్పు మాత్రం 63 మిల్లీమీటర్ల నుంచి 69.3కు పెరిగింది. ఇక అదే 948 ఇంజనుకు ట్రయంఫ్ వాళ్ళే రెండు ఎస్.యు. కార్బురేటర్లు తగిలించి, కంప్రెషను పెంచి, 45 దాకా రాబట్టిన సందర్భం కూడా ఉంది. కాబట్టి ఎంత ఆశపడవచ్చునో కంపెనీయే చెప్పింది. ఇరవై గుర్రాలు అత్యాశ. ఏడెనిమిది న్యాయం.

మన ఊరి ముందు నుంచి పోయే మద్రాసు-కలకత్తా రోడ్డే ఇందుకు సాక్షి కూడాను. ఆ రోడ్డు పట్టుకుని దక్షిణంగా నాలుగు వందల కిలోమీటర్ల చిల్లర వెళితే, మద్రాసు ఇంకా కొద్ది దూరం ఉందనగా షోలవరం వస్తుంది. యుద్ధకాలపు విమానాల బాట ఒకటి అక్కడ ఉండేది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారు ఏళ్ళ తరబడి దాని మీద పందాలు నడిపించారు. విదేశీ కార్లు దిగుమతి చేసుకోవడం గగనమైన రోజులవి. అందుచేత కుర్రకారు ఇంటి కార్లనే విప్పి, నగిషీ చెక్కి, పందెంలో దింపేవారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర అసలైన పందెపు బాట తయారైన తరువాత షోలవరం సద్దుమణిగింది. కాని ఇంటి బండి నుంచి నాలుగు గుర్రాలు రాబట్టే విద్య మన వైపు షెడ్లలో ఇంకా బతికే ఉంది. మేము పట్టుకున్న మేస్త్రీ బెజవాడ ఆటోనగరులో ఆ విద్య నేర్చినవాడే.

అసలు గుర్రమంటే ఎంత?

ఆడవాళ్ళూ పిల్లలూ కూడా చదివే పత్రిక గనుక, అశ్వశక్తి అంటే ఏమిటో ఒక్క మాట. ఆవిరి యంత్రాన్ని బాగుచేసిన జేమ్స్ వాట్, తన యంత్రం ఎన్ని గుర్రాల పెట్టో కొనేవాళ్ళకు చెప్పడానికి ఈ కొలత పెట్టాడు. సుమారు 75 కిలోల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపగలిగితే ఒక అశ్వశక్తి. గుంటూరు యార్డులో మిరపకాయల టిక్కీ ఒకటి నలభై కిలోల పైమాటే. అంటే రెండు టిక్కీలకు కాస్త తక్కువ బరువును, కన్ను మూసి తెరిచేలోగా నడుము ఎత్తుకు లేపడమన్నమాట.

పెట్రోలులో ఉన్న వేడి అంతా శక్తి అవుతుందనుకుంటే పొరబాటు. మా ఊరి పానకాలస్వామి, భక్తులు పోసిన పానకంలో సగం పుచ్చుకుని సగం ప్రసాదంగా తిరిగి ఇస్తాడని ప్రతీతి. పాత ఇంజను అంత ఉదారమైంది కాదు. పోసినదాంట్లో పావు వంతు మాత్రమే చక్రాల పనికి ఇస్తుంది. మిగతాది రేడియేటరు వేడిగా, సైలెన్సరు పొగగా గాలికి పోతుంది. ఆ పావు వంతును కాస్త పెంచడమో, లేక ఎక్కువ గాలినీ అందుకు తగిన పెట్రోలునూ లోపలికి పంపడమో - ఈ రెండే తప్ప శక్తి పెంచడానికి మూడో దారి లేదు.

"ముందు ఏం కొందాం మామయ్యా?" అన్నాడు వాడు.

"ఏమీ కొనవద్దు. మన వైపు బండలాగుడు పందాలు చూశావుగా? ఒంగోలు గిత్త బండ లాగడం లేదంటే రైతు వెంటనే కొత్త చెర్నాకోల కొంటాడా? గిట్టకు లాడం చూస్తాడు, మెడ మీద కాడి ఒరిసిందేమో చూస్తాడు, ఉలవలు తింటోందా లేదా చూస్తాడు. మన ముప్ఫై అయిదు గుర్రాల్లో ఎన్ని బతికి ఉన్నాయో ముందు లెక్కపెడదాం."

పోయినవి వెతుక్కోవడం

లెక్కపెట్టడానికి గొప్ప యంత్రమేమీ అక్కరలేదు. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న చదునైన రోడ్డు మీద, మూడో గేరులో 30 కిలోమీటర్ల వేగం నుంచి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, 60 చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో పక్కనున్నవాడు గడియారంలో చూడాలి. రెండు వైపులా వెళ్ళి సగటు తీసుకోవాలి. బండి బరువు మారకుండా ఉంటే, సెకన్లు తగ్గిన మేరకు శక్తి పెరిగినట్టు. ఉజ్జాయింపు లెక్కే గాని, మోసం చేయదు. మాకు ఆ రోజు 17 సెకన్లు పట్టింది.

తరువాత మేస్త్రీ ప్లగ్గులు ఊడదీసి కంప్రెషను గేజి పెట్టాడు. మూడు సిలిండర్లలో 130 పౌన్ల చిల్లర. మూడో నంబరులో 80. "పెద్దాయన చెప్పిన పోగు ఇదే" అన్నాను. మేనల్లుడు గుడ్లు మిటకరించాడు.

"బోరుకు వచ్చిందా మేస్త్రీ?" అని అడిగాడు దిగులుగా.

మేస్త్రీ ఆ సిలిండరులో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ గేజి పెట్టాడు. ముల్లు పైకి లేవలేదు. "బోరు బాగానే ఉంది బాబూ. రింగులు అరిగి ఉంటే ఆయిలు సందులు మూసి ముల్లు పైకి లేచేది. ఇది వాల్వు కూర్చోవడం లేదు" అన్నాడు. చెంచాడు ఆయిలుతో తేలిపోయే ఈ పరీక్ష చేయించుకోకుండా, బోరు కొట్టించడానికి వేలు తగలేసేవాళ్ళు ఎందరో! మీ ఇంట్లో పాత ఫియట్టో అంబాసడరో ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి.

హెడ్డు దింపారు. వాల్వులు రుద్ది కూర్చోబెట్టారు. పనిలో పనిగా ఎగ్జాస్టు వాల్వులకు గట్టి ఉక్కు సీట్లు దిగగొట్టించాము. దానికి కారణం ఉంది. పాత రోజుల పెట్రోలులో సీసం కలిపేవారు. అది వాల్వు సీట్ల మీద పలచని పూతలా నిలిచి అరుగుదలను ఆపేది. ప్రజల ఆరోగ్యం కోసం 2000 సంవత్సరంలో దేశమంతటా సీసం మానేశారు. మంచి పనే. కాని మెత్తటి పోత ఇనుప సీట్లున్న పాత ఇంజన్లకు ఆ రక్షణ పోయింది.

ఆ తరువాత ఒక్కొక్కటిగా చిన్న పనులు. ఇంజను చల్లగా ఉండగా ట్యాపెట్ల సందు అంగుళంలో వెయ్యింట పది వంతులకు సరిచేశాము. డిస్ట్రిబ్యూటరు పాయింట్ల సందు వెయ్యింట పదిహేను. ప్లగ్గుల సందు వెయ్యింట పాతిక. డిస్ట్రిబ్యూటరు కింద రెండు చిన్న బరువులు ఉంటాయి. ఇంజను వేగం పుంజుకునేకొద్దీ అవి విచ్చుకుని నిప్పురవ్వను ముందుకు జరపాలి. మా బండిలో అవి తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. కిరసనాయిలులో నానబెట్టి, రెండు బొట్లు నూనె వేస్తే కదిలాయి. దీనికైన ఖర్చు రెండు టీలు.

కార్బురేటరు ఇరుసు అరిగి, ఆ సందులోంచి దొంగగాలి పోతోంది. దానికి కొత్త బుష్ వేయించాము. పెట్రోలు పైపులన్నీ మార్చాము. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో ఇరవై శాతం ఇథనాలు కలిసిన పెట్రోలే వస్తోంది. పాత రబ్బరు గొట్టాలనూ పంపులోని డయాఫ్రమునూ అది కరకర నమిలేస్తుంది. పైగా దానివల్ల మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది. పాత బండికి కార్బురేటరు జెట్టును ఒక మెట్టు పెంచుకోవడం అవసరం.

ఆపైన చక్రాలు. బండిని జాకీ మీద లేపి ఒక్కొక్క చక్రాన్ని చేత్తో తిప్పితే, వెనక ఎడమది తిరగనని మొరాయించింది. బ్రేకు పట్టేసి ఉంది. అంటే ఇన్నాళ్ళూ ఇంజను ముందుకు లాగుతుంటే బ్రేకు వెనక్కు లాగుతోంది!

చివరగా డిక్కీ. అందులోంచి బయటపడ్డవి: రెండు స్టెప్నీలు, ఒక రోలు, ఊరగాయ జాడీల పెట్టె, బావ నాటి పంచాంగాలు, ఎవరిదో పెళ్ళి షామియానా గుంజలు. అన్నీ కలిపి తూస్తే 80 కిలోలు. హెరాల్డు బరువే 800 కిలోలు. అందులో పదో వంతు దించితే, గుర్రాలను పెంచకుండానే పదో వంతు పికప్ వచ్చినట్టు. దీనికి మా ఆవిడ తప్ప అందరూ సంతోషించారు. ఆమె బాధ రోలు గురించి కాదు, అది ఎక్కడ పోయిందని తాను పదేళ్ళుగా అడుగుతూంటే ఎవరూ జవాబు చెప్పనందుకు.

లెక్క తేడా రాకుండా రెండు బస్తాల ఇసుకతో ఆ 80 కిలోలూ మళ్ళీ డిక్కీలో వేసి గడియారం పట్టాము. 12 సెకన్లు! ఇంజను ఇప్పుడు తన పుట్టుక శక్తి 35కు వచ్చిందనుకుంటే, మునుపు ఉన్నవి పాతిక గుర్రాలే. కొత్త సామాను ఒక్కటీ తగిలించకుండా పది గుర్రాలు ఇల్లు చేరాయి.

అక్కయ్య అడిగిన మాట

"ఇక జాబితా విప్పుదామా మామయ్యా?" అన్నాడు మేనల్లుడు. వాణ్ణి మల్లెపందిరి కింద కూర్చోబెట్టి, వాడెన్నడూ వినని సంగతి చెప్పాను.

1979 మార్చి నెల. వాడింకా పుట్టలేదు. మా బావా నేనూ కుర్రతనపు పొగరులో ఉన్నాము. ఇదే బండికి ఎక్కడో సంపాదించిన రెండో కార్బురేటరు తగిలించి, సైలెన్సరు డొల్ల చేసి, గుంటూరు నుంచి నరసరావుపేట రోడ్డు పట్టాము. బండి పులిలా గర్జించింది. మేము పులులమే అనుకున్నాము. ఒక మలుపులో బావకు వేగం ఎక్కువైందనిపించి, చటుక్కున యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీశాడు.

ఎవరైనా అదే చేస్తారు. కాని హెరాల్డు విషయంలో అదే ప్రమాదం. దాని వెనక ఇరుసు ఒకే కడ్డీ కాదు. నడుమ కీలు పెట్టి రెండు ముక్కలుగా ఊగుతుంది. మలుపులో కాలు తీసేస్తే బరువంతా ముందుకు పడి, వెనక భాగం పైకి లేస్తుంది. అప్పుడు బయటివైపు చక్రం కిందికి ముడుచుకుని, అంచు మీద నిలబడుతుంది. ఆపైన బండి చెప్పినమాట వినదు. మన దేశంలో ఈ ఇరుసు అటు కొనేవాళ్ళకూ ఇటు మెకానిక్కులకూ నచ్చలేదు. 1972లో వచ్చిన స్టాండర్డ్ గజెల్‌లో దాన్ని తీసేసి, మామూలు ఒంటి ఇరుసు పెట్టారు.

ఆ రోజు మా బండి బొంగరంలా తిరిగి రోడ్డు దిగి, మిరపకాయలు ఎండబోసిన కల్లంలోకి దూసుకుపోయింది. బావ బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. పెడలు నేలకు తాకింది గాని బండి ఆగలేదు. అక్కడ మనుషులు లేకపోవడం మా తల్లిదండ్రులు చేసుకున్న పుణ్యం. కారం దుమారం లేచి ఊరంతా తుమ్మింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వు వస్తుంది. కాని బావ భుజం ఎముక విరిగింది. అక్కయ్య నాతో మూడు నెలలు మాట్లాడలేదు. ఆ రెండో కార్బురేటరు తెచ్చింది నేనే మరి. బావ ఆ తరువాత బతికినన్నాళ్ళూ ఆ బండిని యాభై దాటించలేదు.

మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత జాబితా తీసి, అట్టడుగున ఉన్న 'బ్రేకులు' అన్న మాటను కొట్టేసి అన్నిటికంటే పైన రాశాడు.

ముందు ఆపడం, తరువాత పరుగు

మా బండి బ్రేకులు నాలుగూ డ్రమ్ములే. స్పిట్‌ఫైరుకు ముందు చక్రాలకు డిస్కులు పెట్టారంటే, గుర్రాలు పెరిగితే కళ్ళెం కూడా మారాలని కంపెనీ ఒప్పుకున్నట్టే. పైగా ఆ కాలపు బండిలో నాలుగు చక్రాలకూ ఒకే గొట్టపు దారి. ఎక్కడ ఒక రబ్బరు కప్పు చిరిగినా నాలుగు బ్రేకులూ ఒక్కసారే పోతాయి. అందుచేత మాస్టరు సిలిండరులోనూ, చక్రాల సిలిండర్లలోనూ రబ్బర్లు, హోసులు, లైనింగులు అన్నీ కొత్తవి వేయించాము. బ్రేకు ఆయిలు గాలిలోని తడిని పీల్చుకుంటుంది. తడిసిన ఆయిలు వేడికి మరిగి ఆవిరైతే పెడలు మెత్తబడి నేలకు తాకుతుంది. రెండేళ్ళకొకసారి అది పూర్తిగా మార్చవలసిందే.

టైర్లు పైకి బాగానే కనిపించాయి గాని వయసు పదేళ్ళు దాటింది. నాలుగూ మార్చాము. వెనక టైర్లలో ముందువాటికంటే గాలి ఎక్కువ ఉండాలి. మలుపు రాకముందే వేగం తగ్గించుకుని, మలుపులో సన్నగా యాక్సిలరేటరు మీద కాలు ఉంచి, చటుక్కున తీయకుండా నడపాలి. మేనల్లుడి చేత ఖాళీ మైదానంలో నాలుగు రోజులు ఇదే అభ్యాసం చేయించాను.

కొత్త గుర్రాలు

అప్పుడు జాబితా విప్పాము. మొదటిది చల్లని గాలి. బానెట్టు కింద గాలి 70 డిగ్రీలుంటే, బయట మన ఎండల్లో 40. వేడెక్కిన గాలి పలచన. లెక్క కడితే ఆ రెంటికీ బరువులో తొమ్మిది శాతం తేడా వస్తుంది. ఫిల్టరుకు ఒక గొట్టం తగిలించి ముందు జాలీ దగ్గరినుంచి గాలి తెచ్చుకుంటే ఆ తేడాలో చాలా భాగం మనదే. ఇంత చవకగా వచ్చే శక్తి మరొకటి లేదు.

రెండోది ఎగ్జాస్టు. నాలుగు సిలిండర్ల పొగ ఒకదాన్నొకటి తోసుకోకుండా, వేరువేరు గొట్టాల్లో కొంత దూరం వచ్చి కలిసే మానిఫోల్డు చేయించాము. సైలెన్సరు మాత్రం తీయలేదు. మోత వేరు, శక్తి వేరు. మా ఊళ్ళో ఎయిమ్స్ ఆసుపత్రి ఉంది, రాత్రి పడుకునే ముసలివాళ్ళున్నారు, అన్నిటికీ మించి పక్కింటి పెద్దాయన చెవులున్నాయి.

మూడోది రేడియేటరు ఫ్యాను. ఎప్పుడూ బెల్టుతో తిరిగే ఇనుప రెక్కలు ఇంజను శక్తిని కొంత తినేస్తాయి. వేడెక్కినప్పుడు మాత్రమే తిరిగే కరెంటు ఫ్యాను పెట్టాము. అయితే రేడియేటరు శుభ్రం చేయించకుండా గుంటూరు ఎండల్లో ఈ ప్రయోగానికి దిగవద్దు. హెడ్డు గ్యాస్కెట్టు పోతే ఆదా చేసిన గుర్రాలన్నీ ఒక్క దెబ్బకు పారిపోతాయి.

నాలుగోది రెండు ఎస్.యు. కార్బురేటర్లు. వీటిలో చిక్కు ఏమిటంటే, రెండూ సమానంగా గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పీలిస్తే జత కుదరని ఎడ్లే. దీన్ని సరిచేయడానికి రబ్బరు గొట్టం ఒక కొస చెవిలోనూ, రెండో కొస కార్బురేటరు నోటి దగ్గరా పెట్టి ఆ బుస వినాలి. రెండు బుసలూ ఒకే శ్రుతిలో ఉండాలి. మేస్త్రీ గంట ప్రయత్నించి, "నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి" అన్నాడు. పక్కింటి పెద్దాయనను పిలిచాము. ఆయన గొట్టం చెవిలో పెట్టుకుని, "కుడిచేతి వైపుది కొంచెం గుక్క ఎక్కువ తాగుతోంది" అన్నాడు. మేస్త్రీ మరను అరచుట్టు తిప్పాడు. "ఆఁ, ఇప్పుడు నాడె అటూ ఇటూ సమంగా ఆడుతోంది" అన్నాడు పెద్దాయన.

క్యామ్‌షాఫ్టు జోలికీ, హెడ్డు అరగదీసి కంప్రెషను పెంచే జోలికీ వెళ్ళలేదు. లోహం ఒకసారి చెక్కితే తిరిగి అతకదు. పాత కార్బురేటరునూ మానిఫోల్డునూ నూనె రాసి, గుడ్డలో చుట్టి పెట్టెలో దాచాము. తిరిగి విప్పి యథాస్థితికి తేగలిగిన మార్పే చేయాలన్నది మేము పెట్టుకున్న నియమం.

దీనికి చట్టం కారణం కూడా ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటను గట్టిపరచింది. అందుచేత ఏ పని చేసినా ముందుగా రవాణా కార్యాలయంలో అడిగి, తగిన అనుమతి తీసుకోవడం మంచిది. పైగా యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లను వింటేజి వాహనాలుగా నమోదు చేసే నిబంధనలు 2021లో వచ్చాయి. అయితే అలా నమోదైన బండిని రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. రేపు మేనల్లుడి కూతురు ఆ గౌరవం కోరుకుంటే, దాచిన పెట్టె అక్కరకు వస్తుంది.

కొండ మీదికి

మళ్ళీ తెల్లవారుజాము, మళ్ళీ అదే రోడ్డు, అవే ఇసుక బస్తాలు. 10 సెకన్లు. అంటే 35 కాస్తా 42 అయ్యాయి. వెతికి తెచ్చుకున్నవి పది, కొత్తగా కొన్నవి ఏడు. ఖర్చు మాత్రం తలకిందులు. పదింటికి అయినదానికి మూడింతలు ఏడింటికి అయింది!

ఆ శనివారం అక్కయ్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పానకాలస్వామి గుడికి బయలుదేరాము. నలభై ఆరేళ్ళలో ఆమె ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. కొండ మొదట్లోనే ఆమె అంది, "ఏదీ, ఆపు."

మేనల్లుడు బ్రేకు తొక్కాడు. బండి గీత గీసినట్టు, అటూ ఇటూ లాగకుండా ఆగింది.

"సరే, పోనీ" అంది.

ఘాటు రోడ్డు మలుపుల్లో వాడు ముందే వేగం తగ్గించి, లోపల సన్నగా శక్తి ఇస్తూ తిప్పాడు. మునుపు మొదటి గేరులో మూలుగుతూ ఎక్కిన చోట రెండో గేరులో సునాయాసంగా ఎక్కింది. స్వామికి పానకం పోయించి, ప్రసాదం పుచ్చుకుని, ఎక్కిన గేరులోనే దిగాము. దిగేటప్పుడు బ్రేకుల కంటే ఇంజనే బండిని పట్టి ఉంచాలి. గాలిగోపురం దగ్గరికి వచ్చేదాకా అక్కయ్య నోరు విప్పలేదు.

"మీ నాన్న ఉంటే ఇవాళ అరవై దాటించేవాడు" అంది చివరికి, కొడుకు వైపు చూడకుండా. వాడు కూడా ఆమె వైపు చూడకుండా గేరు మార్చాడు.

ఇల్లు చేరాక పెద్దాయన మగ్గంలోంచే చెయ్యి ఊపాడు, నాలుగు దెబ్బలూ పడుతున్నాయన్నట్టు. మేనల్లుడు ఉబ్బిపోయి, ఏడు కొత్త గుర్రాల సంగతి తల్లికి వివరించబోయాడు.

"బాగుందిరా. అయితే రేపు గుంటూరు వెళదాం" అంది అక్కయ్య. "ఏడాది కారానికి మిరపకాయలు తెచ్చుకోవాలి. మనకొకటి, మీ అత్తయ్యకొకటి, రెండు టిక్కీలు డిక్కీలో పడతాయిగా?"

రెండు టిక్కీలంటే ఎనభై కిలోల పైచిలుకు. మేనల్లుడు నా వైపు చూశాడు. నేను రేడియేటరులో నీళ్ళు చూసే మిషతో బానెట్టు ఎత్తి, దాని వెనక్కు తప్పుకున్నాను.